సూర్యుడు అస్తమించేలోపు కూలి: యూదు, క్రైస్తవ నీతి మీద నేను చేసిన ఆన్‌లైన్ కోర్సు

యూదు, క్రైస్తవ గ్రంథాల్లో నీతి గురించిన పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సు ఈ మధ్యే పూర్తి చేశాను. వారానికి గంటన్నర లైవ్ క్లాసు, చదవాల్సినవి ముప్పై నలభై పేజీలు, ఇద్దరిద్దరుగా కూర్చుని చేసే చదువు, మూడు వ్యాసాలు. ఒక్క క్లాసు కూడా మానలేదు. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. భవన నిర్మాణ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పద్దెనిమిదేళ్ళుగా కూలీల హాజరు లెక్కలు నా టేబుల్ మీదికే వస్తున్నాయి. బైబిల్ చదివే ఇంట్లోనే పెరిగాను గానీ, లేవీయకాండం వచ్చేసరికి ఇంటిల్లిపాదీ పేజీలు తిప్పేసేవాళ్ళం. బలులు, కుష్ఠు, మైల, శుద్ధి, ఇవి మనకెందుకులే అన్నట్టు. మొదటి క్లాసులో అధ్యాపకురాలు నమస్కారం చెప్పి, "లేవీయకాండం 19 తెరవండి" అన్నారు.

నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించు అన్న మాట ఆ అధ్యాయం 18వ వచనంలో ఉంది. అది యేసు నోట మొదటిసారి వచ్చిన మాట అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. ఆవిడ ఆ వచనాన్ని వెంటనే వివరించలేదు. దాని చుట్టుపక్కల ఏముందో మాచేత చదివించారు. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, పేదలకీ పరదేశికీ వదిలెయ్యి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు. తూకం రాళ్ళు సరిగ్గా ఉండాలి. 34వ వచనంలో పరదేశిని కూడా నిన్నువలె ప్రేమించమని ఉంది, మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) పరదేశులే కదా అని కారణం చెప్పి మరీ. ప్రేమించమన్న ఆజ్ఞ ఒకవైపు కూలి డబ్బులు, ఇంకోవైపు తూకం రాళ్ళు పెట్టుకుని కూర్చుందని ఆ రోజే చూశాను.

రెండో వారం, మూడో వారం ఈ కోర్సుకి ప్రాణం. రెండు వారాలూ కూలి మీదే నడిచాయి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీసుకున్నారు. తిరగలి రాయిని తాకట్టు పెట్టుకోకూడదు, ఆ ఇంట్లో పిండి ఆడేది దానితోనే కాబట్టి. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి జొరబడకూడదు, బయట నిలబడాలి, అప్పు తీసుకున్నవాడే తెచ్చి ఇవ్వాలి. పేదవాడి పై బట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చెయ్యాలి, రాత్రి కప్పుకునేది అదే. కూలి ఏ రోజుది ఆ రోజు, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి, అతని ప్రాణమంతా దానిమీదే ఉంటుంది గనక.

ఇవి కాగితం మీది ఆదర్శాలేనా అని ఎవరో అడిగితే, ఆవిడ ఒక కుండపెంకు ఫోటో చూపించారు. 1960లో ఇశ్రాయేలు సముద్రతీరంలో, యావ్నె-యామ్ దగ్గర ఒక చిన్న కోట తవ్వకంలో దొరికింది. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దానిది. పంట కోసే కూలివాడు అధికారికి రాయించుకున్న విన్నపం అది. నా పని నేను పూర్తి చేశాను, అయినా ఫలానావాడు నా బట్ట లాక్కున్నాడు, నాతో కోత కోసినవాళ్ళు సాక్ష్యం చెబుతారు, నా బట్ట నాకు ఇప్పించండి, ఇంతే. బైబిల్లోని మోషే ధర్మశాస్త్రం పేరు కూడా ఎత్తడు. ఆ ఫోటోను నా ఫోన్‌లో దాచుకున్నాను.

అక్కడి నుంచి మిష్నాకి తీసుకెళ్ళారు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ సంకలనం అది. లేవీయకాండం తెల్లారేలోపు ఇవ్వమంటోంది, ద్వితీయోపదేశకాండం సూర్యాస్తమయంలోపు అంటోంది. రెంటికీ పొత్తు ఎలా? రబ్బీలు, అంటే యూదు ధర్మ పండితులు, తేల్చింది ఇది: పగటి పని చేసినవాడికి ఆ రాత్రంతా గడువు, రాత్రి పని చేసినవాడికి మర్నాటి పగలంతా గడువు. రెండు వచనాల్లో ఏదీ వృథా పోలేదు. మిష్నా మీద తర్వాతి రబ్బీల చర్చల సంకలనం తాల్ముద్. అందులో దీని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. అతను నిచ్చెన ఎందుకు ఎక్కాడు, చెట్టుకి ఎందుకు వేలాడాడు, చావుకి ఎందుకు తెగించాడు, కూలి కోసం కాదా? పరంజీల మీద పనిచేసేవాళ్ళ లెక్కలు రాసే నేను ఆ ప్రశ్న చదివాక కాసేపు లాప్‌టాప్ మూసేశాను.

తర్వాత మత్తయి సువార్త 20, యేసు చెప్పిన ద్రాక్షతోట పనివాళ్ళ ఉపమానం. చివరి గంటలో వచ్చినవాడికీ పొద్దున్నుంచి ఎండలో మాడినవాడికీ ఒకటే దేనారం, అంటే ఒక రోజు కూలి. దేవుడి కృప గురించిన కథగా ఎన్నోసార్లు విన్నాను. ఈసారి ఎనిమిదో వచనం మొదటి మాట దగ్గర ఆగాం: సాయంకాలమైనప్పుడు యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇచ్చెయ్యమన్నాడు. అంత ఉదారుడైన ఆ యజమాని ముందు మోషే ధర్మశాస్త్రం చెప్పిన వేళకి డబ్బు చేతిలో పెడుతున్నాడు. ఉదారత ఆ తర్వాతి మాట. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో, బిగబట్టిన కూలి మొర పెడుతోందని ఉంటుంది. 1891లో పోప్ 13వ లియో కార్మికుల పరిస్థితి మీద రాసిన లేఖలో ఎత్తిచూపింది ఆ వచనాన్నే. ఒక్క కూలి డబ్బుని పట్టుకుని రెండు మతాల్లో అన్ని శతాబ్దాలు నడిపించిన బోధన నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ రెండు వారాలు నా పనిని కూడా తాకాయి. శుక్రవారం ఒక సంతకం తక్కువైతే కూలి సోమవారానికి వెళ్ళిపోతుంది. దాన్ని ఇన్నాళ్ళూ "ప్రాసెస్" అన్నాను. ఇప్పుడు నా సంతకం కోసం ఆగిన బిల్లు ఉంటే అది అయ్యేదాకా ఇంటికి వెళ్ళడం లేదు. మిగతా సంతకాలు నా చేతిలో లేవు, దానికి బాధ ఉంది.

ఆరో వారం మాత్రం మనసు విరిగింది. ఆ వారం యేసు కొండమీద ప్రసంగం. ఒక అతిథి ఉపన్యాసకుడు వచ్చి, పాత నిబంధన ప్రతీకారం నేర్పింది, యేసు దాన్ని తీసేసి ప్రేమ తెచ్చాడు అని గంటసేపు చెప్పారు. కంటికి కన్ను అన్న వచనం చూపించి వదిలేశారు. అదే కోర్సు మాకు ఇచ్చిన పేజీల్లోనే మిష్నా బాబా కమ్మా 8వ అధ్యాయం ఉంది. ఒకరిని గాయపరిచినవాడు ఐదు రకాలుగా డబ్బు చెల్లించాలని: నష్టానికి, నొప్పికి, వైద్యానికి, పని పోయిన రోజులకి, అవమానానికి. రబ్బీలు ఆ వచనాన్ని చదివింది అలా. ఇక మార్కు సువార్త 12లో యేసు ప్రధానమైన ఆజ్ఞలుగా చెప్పినవి రెండూ ధర్మశాస్త్రంలోవే. అక్కడున్న శాస్త్రి, అంటే యూదు ధర్మశాస్త్ర పండితుడు, సరిగా చెప్పావు బోధకుడా అంటే, నువ్వు దేవుని రాజ్యానికి దూరంగా లేవు అని యేసు అతన్ని మెచ్చుకుంటాడు. ఇదంతా చాట్‌లో రాశాను. జవాబు లేదు. పది రోజులకి రెండు లైన్ల మెయిల్ వచ్చింది, మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని. నేను యేసుని నమ్మే మనిషిని. ఆయన్ని గొప్పగా చూపించడానికి ఆయన చదువుకుని పెరిగిన గ్రంథాన్ని నల్లగా పులమాల్సిన పని లేదు.

ఇంకో లోటు బానిసత్వం. లేవీయకాండం 25లో అన్యజనుల్లోంచి బానిసల్ని కొనవచ్చని ఉంది. ఎఫెసీయుల పత్రికలో దాసులు యజమానులకి లోబడాలని ఉంది. అమెరికాలో బానిసల యజమానులు ఇలాంటి వచనాలే చూపించారు. బానిసత్వాన్ని ఎదిరించినవాళ్ళు ఐగుప్తు దాస్యం నుంచి విడుదల చెప్పే నిర్గమకాండం, పారిపోయి వచ్చిన దాసుణ్ణి అప్పగించొద్దన్న ద్వితీయోపదేశకాండం 23 చూపించారు. ఇంత కష్టమైన విషయానికి పది నిమిషాలు ఇచ్చారు. కూలి మీద చూపించిన ధైర్యం ఇక్కడ చూపించలేదు.

చివరి వారాలు పరుగు. క్రైస్తవ వేదాంతులు అగస్టీన్, అక్వినాస్ ఒకే క్లాసులో అయిపోయారు. బాగున్నవి రెండు. దానధర్మాలకి మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ చెప్పిన ఎనిమిది మెట్లు, అందులో అన్నింటికన్నా పైది మనిషికి అప్పో, పనో, భాగస్వామ్యమో ఇచ్చి మళ్ళీ చెయ్యి చాచక్కర్లేకుండా నిలబెట్టడం. రెండోది 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ. అన్యాయమైన చట్టం గురించి చెప్పేటప్పుడు అగస్టీన్‌నీ, అక్వినాస్‌నీ, యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్‌నీ ఒకే వరసలో నిలబెడతాడాయన.

వీడియోలు రెండు వారాలకే తీసేస్తారు, నోట్సు వెంటనే రాసుకోండి. వ్యాసాలు మాత్రం అధ్యాపకురాలు శ్రద్ధగా దిద్దారు. నా మొదటి వ్యాసం మార్జిన్‌లో "ఈ మాట ఎవరితో అంటున్నాడు?" అని ఐదు చోట్ల రాశారు. వచనాన్ని విడిగా తెంపుకుని వాడే అలవాటు దానితో కొంత పోయింది.

జతగా చదవడాన్ని యూదులు హవ్రూతా అంటారు. నాకు జతగా వచ్చింది రిటైరైన నర్సు. ప్రాణం పోయే పరిస్థితిలో విశ్రాంతి దినం నియమం పక్కన పెట్టాలన్న తాల్ముద్ చర్చ చదివిన రోజు, ఆవిడ తన నైట్ డ్యూటీల గురించి గంట మాట్లాడారు. ఏ ఉపన్యాసానికీ తీసిపోదు అది.

ఆరో వారం పాఠం కూడా మొదటి అధ్యాపకురాలికే ఇమ్మని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను. అది మారినా మారకపోయినా, గ్రంథాన్ని వాక్యం వాక్యంగా చదవాలనుకునేవాళ్ళు చేరండి. మంచి మాటలు విని ఊరట పొందాలనుకునేవాళ్ళకి మాత్రం ఇది బరువవుతుంది.

కోర్సు అయిపోయినా నేనూ, ఆ నర్సు గారూ మిష్నాలోని బాబా మెసియా అనే భాగం 9వ అధ్యాయం వదల్లేదు. ప్రస్తుతం అందులో 12వ మిష్నా (అంటే 12వ పేరా) దగ్గర ఆగి ఉన్నాం. కూలివాడు అడిగితేనే యజమాని ఆజ్ఞ మీరినట్టు, అడగకపోతే మీరినట్టు కాదు అంటుంది అది. అడిగితే రేపటి పని పోతుందని భయపడేవాడి సంగతేంటని నేను. అందుకేనమ్మా ద్వితీయోపదేశకాండంలో అతను యెహోవాకి మొర పెడతాడని ఉంది, మనిషిని అడగలేనివాడు అక్కడే అడుగుతాడు అని ఆవిడ. మూడు వారాలుగా ఇదే నడుస్తోంది.