6000 వేగపు డీడీఆర్5 ర్యామ్: 18 నెలల వాడకం తరువాత

ఈ ర్యామ్‌ను నా కంప్యూటర్‌లో అమర్చి 18 నెలలు దాటింది. డీడీఆర్5 రకం, 16 జీబీ స్టిక్‌లు రెండు, పెట్టె మీద ముద్రించిన వేగం 6000, సీఎల్ (అడిగిన డేటా రావడానికి పట్టే క్లాక్ సైకిళ్ల సంఖ్య) 30. అంతకుముందు వాడినవి అదే పరిమాణం గల 4800 వేగపు స్టిక్‌లు. కొన్న పది రోజులకే సమీక్ష రాసి ఉంటే ఒక్క నక్షత్రం ఇచ్చి, పాడైన సరుకు అంటగట్టారని రాసేవాణ్ణి. అది నిజం కాదని తేల్చుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అందుచేత ఇక్కడ వేగం గురించి తక్కువగా, ఆ మూడు వారాల గురించి ఎక్కువగా చెప్పవలసి వస్తోంది.

వేగం మాట ముందు ముగిస్తాను. 6000 అన్నది మెగాహెర్ట్జ్ కాదు, సెకనుకు జరిగే డేటా బదిలీల సంఖ్య, అదీ మిలియన్లలో. ఒక్కో క్లాక్ సైకిల్‌లో రెండు బదిలీలు జరుగుతాయి కనుక అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జే. కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ వంటి టూల్‌లో ఆ అంకె చూసి సగమే ఇచ్చారని కంగారు పడనక్కర్లేదు. నా పాత స్టిక్‌లు సీఎల్ 40 కాబట్టి ఆ ఆలస్యం లెక్క ప్రకారం సుమారు 16.7 నానోసెకన్లు, కొత్తవాటికి 10 నానోసెకన్లు. పెద్ద ఫోల్డర్లను కుదించేటప్పుడూ, ఆటల్లో రద్దీగా ఉండే దృశ్యాల్లోనూ ఈ తేడా తెలిసింది. బ్రౌజర్‌లోనూ రాతకోతల పనిలోనూ ఏమీ తెలియలేదు.

నాలుగో రోజున ఒక పెద్ద జిప్ ఫైల్‌ను విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్, అంటే డేటా సరిపోలడం లేదన్న హెచ్చరిక, వచ్చింది. మళ్లీ విప్పితే రాలేదు. ఈ ‘మళ్లీ చేస్తే రాలేదు’ అన్న సంగతినే నేను పట్టించుకుని ఉండవలసింది. డిస్క్‌లోని ఫైల్ నిజంగా చెడి ఉంటే ఎన్నిసార్లు విప్పినా అదే చోట అదే తప్పు రావాలి కదా. అప్పుడు మాత్రం ఎస్ఎస్‌డీని అనుమానించాను, ఆ తరువాత విండోస్‌ను అనుమానించి దాన్ని మొదటి నుంచి తిరిగి ఎక్కించాను. తప్పులు చేస్తున్న మెమరీ మీదుగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించడమంటే చిల్లుకుండతో నీళ్లు మోయడమే. రెండు రోజులకు మెమరీ మేనేజ్‌మెంట్ అన్న కోడ్‌తో, విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలి తెర పలకరించింది.

నిజంగా నష్టం జరిగింది మాత్రం నీలి తెర వల్ల కాదు. ఆ వారంలోనే పాత ఫోటోలను ఒక డిస్క్ నుంచి మరో డిస్క్‌కు మార్చాను, మారుస్తున్నప్పుడు ఏ హెచ్చరికా రాలేదు. తరువాత తెరిచి చూస్తే ఒక ఫోటోలో నుదుటి దాకా ముఖం సరిగ్గానే ఉంది, కనుబొమల దగ్గర నుంచి కిందిదంతా ఆకుపచ్చగా మారి, వేలెడు పక్కకు జరిగిపోయి ఉంది. జేపీఈజీ ఫైల్‌లో ఒక్క బిట్ తారుమారైనా చాలు, దాని తరువాతి భాగమంతా ఇలా చెదిరిపోవచ్చు. కంప్యూటర్ ఆగిపోయే లోపం కంటే, ఆగకుండా తప్పుగా రాసుకుంటూ పోయే లోపం ఎంత ప్రమాదకరమో అప్పుడు అర్థమైంది.

విండోస్‌తో పాటు వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ ఏ లోపమూ లేదని చెప్పింది. దాని మాట నమ్మి మరో రెండు రోజులు వృథా చేసుకున్నాను. చివరికి యూఎస్‌బీ డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్ నడిపాను. 40 నిమిషాల దాకా ఎర్రర్ల లెక్క సున్నా దగ్గరే ఉంది. ఆ తరువాత మొదటి తప్పు కనబడింది: రాసిన విలువ ఎనిమిది ఎఫ్‌లు, తిరిగి చదివితే వచ్చినది ఏడు ఎఫ్‌లు, మధ్యలో ఒక బీ. హెక్సాడెసిమల్‌లో ఎఫ్ అంటే నాలుగూ ఒకట్లే, బీ అంటే వాటిలో రెండోది సున్నా. అంటే 32 బిట్లలో ఒక్కటి జారిపోయిందన్నమాట.

డీడీఆర్5 చిప్పుల్లో తప్పులు దిద్దే ఏర్పాటు ఉంటుంది కదా, మరి ఇదేమిటన్న సందేహం నాకూ వచ్చింది. ఆ ఏర్పాటు చిప్ లోపల నిల్వ ఉన్న డేటాలోని ఒక్క బిట్ తప్పును దిద్దుతుందే తప్ప, చిప్ నుంచి ప్రాసెసర్ దాకా నడిచే దారిలో జరిగే పొరపాటుకు పూచీ పడదు. ఆ దారిలోని తప్పులను కూడా పట్టుకునే, సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్ వేరు. కాబట్టి తప్పు దారిలోనూ జరుగుతూ ఉండవచ్చు. ఈ ఆలోచనతోనే స్టిక్‌లను వాపసు చేయడం ఆపి, ఒక్కొక్కటిగా పరీక్షించడం మొదలుపెట్టాను.

బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్‌లు ఉండే చోట) 6000 వేగాన్నిచ్చే ప్రొఫైల్ అనే సెట్టింగ్‌ను తీసేసి, రెండు స్టిక్‌లనూ మామూలు 4800 వేగంలో 1.1 వోల్టుల మీద నడిపితే మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లూ (అంటే నాలుగు విడతల పరీక్షలూ) శుభ్రంగా పూర్తయ్యాయి. ప్రొఫైల్ పెట్టి ఒక్కో స్టిక్‌నే, ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో స్లాట్‌లో ఉంచి 6000 దగ్గర పరీక్షిస్తే రెండూ నెగ్గాయి. రెండింటినీ కలిపి రెండు, నాలుగు స్లాట్లలో పెడితేనే తప్పులు వచ్చాయి. స్టిక్‌లను అటుదిటు మార్చినా అంతే. లోపం స్టిక్‌ది కాదు, జంటది.

దీనికి కారణం పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. ఇంటెల్ వారి ఎక్స్‌ఎంపీ అయినా ఏఎండీ వారి ఎక్స్‌పో అయినా ప్రొఫైల్ ఆన్ చేయడమంటే ఓవర్‌క్లాకింగ్ చేయడమే, అంటే అధికారిక వేగాన్ని మించి నడపడమే. వోల్టేజ్ 1.35కు పెరుగుతుంది, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ తన హామీని మించి పనిచేయవలసి వస్తుంది. నా ప్రాసెసర్‌కు రెండు స్టిక్‌లతో ఉన్న అధికారిక హామీ 5200 వరకే. నాలుగు స్లాట్లూ నింపితే అది 3600కు పడిపోతుంది. ర్యామ్ తయారీదారు స్టిక్‌ల గురించే మాట ఇస్తాడు, నా మదర్‌బోర్డు గురించీ నా ప్రాసెసర్ గురించీ ఇవ్వలేడు. తమ బోర్డులతో పరీక్షించి చూసిన ర్యామ్‌ల పేర్లతో మదర్‌బోర్డు కంపెనీలు ప్రచురించే క్యూవీఎల్ జాబితాను కొనేముందు చూసుకోవలసినది ఇందుకే. నేను చూడలేదు.

బయోస్ అప్‌డేట్ చేశాక తప్పులు బాగా తగ్గాయి, కానీ పోలేదు. వింత ఏమిటంటే, బయోస్‌లో ఏదో ఒకటి మార్చిన రాత్రి పరీక్ష తెల్లవార్లూ నడిచినా ఒక్క తప్పూ రాదు; మర్నాడు మామూలుగా ఆన్ చేస్తే అరగంటలో వస్తుంది. నాలుగు రోజులు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే గాని ఈ క్రమం కంటపడలేదు. సెట్టింగ్ మార్చినప్పుడల్లా బోర్డు మెమరీ ట్రైనింగ్ చేస్తుంది, అంటే సిగ్నళ్ల సమయాలను కొత్తగా సరిచూసుకుంటుంది. మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే బయోస్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మాత్రం తరువాతి బూట్‌లలో ఆ పని మానేసి పాత విలువలనే వాడుకుంటుంది. దాన్ని ఆఫ్ చేశాను. తప్పులు ఆగిపోయాయి. మూడు రాత్రులు మెమ్‌టెస్ట్, ఒక పగలంతా విండోస్‌లో టెస్ట్‌మెమ్5 అనే ఇంకో మెమరీ పరీక్ష నడిపి గాని నమ్మలేదు.

దీనికి మూల్యం ఆలస్యం. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దాదాపు 40 సెకన్లు నల్లటి తెర చూస్తూ కూర్చోవాలి. కొత్త స్టిక్‌లు పెట్టిన తొలిసారి అయితే నిమిషాల తరబడి ఏమీ కనిపించదు. అది తెలియక నేను ఒకసారి ప్లగ్ పీకేశాను కూడా.

తప్పులు వస్తే వోల్టేజ్ పెంచమనే సలహా మీకు తప్పకుండా ఎదురవుతుంది. నేను పెంచలేదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయిన తరువాత ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌ను (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజ్‌ను) 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేసిన సంగతి గుర్తుంటే చాలు. వేగాన్ని 5600కు తగ్గించి చూడడం అంతకంటే మేలు. రోజువారీ పనుల్లో ఆ తేడా నా కంటికి ఆనలేదు. వేడిని మాత్రం గమనించండి. గ్రాఫిక్స్ కార్డు పూర్తి బరువు మీద నడిచినప్పుడు నా స్టిక్‌లు 58 డిగ్రీల దాకా పోయేవి, కేసు ముందు భాగంలో ఇంకో ఫ్యాన్ పెట్టాక 50 దాటలేదు.

నా తీర్పు నాలుగు నక్షత్రాలు. స్టిక్‌లలో ఏ లోపమూ లేదు, 17 నెలలుగా ఒక్క నీలి తెర కూడా రాలేదు. ఒకటి తగ్గించింది, 6000 అన్న అంకె ప్రాసెసర్‌నూ బోర్డునూ బట్టి ఉంటుందన్న మాటను పెట్టె వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో వేసినందుకు. మీరు కొంటే అమర్చిన రాత్రే మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు నడపండి, మర్నాడు ఆన్ చేశాక ఇంకోసారి నడపండి, అంతవరకూ ముఖ్యమైన ఫైల్ ఏదీ కదపకండి. నా ఫోటోల్లో చెడినవి 12. పదకొండింటికి పాత డిస్క్‌లో కాపీ దొరికింది.