తాళం పడిన రౌటర్ నుంచి సెట్టింగ్స్ తీయడానికి సీహెచ్341ఏ ప్రోగ్రామర్: కొన్నేళ్లు వాడాక

అనంతపురం చుట్టుపక్కల సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ పని చేసేవాళ్లకు ఇది తరచూ ఎదురయ్యేదే. రౌటర్ బిగించినవాళ్లు ఫోన్ ఎత్తరు, పాస్‌వర్డ్ ఓనరుకు తెలీదు. రీసెట్ నొక్కితే పీపీపీఓఈ (ఇంటర్నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, వీల్యాన్ (నెట్‌వర్క్‌ని విడగొట్టే) నంబరు, కెమెరాల పోర్టులు అన్నీ పోతాయి. అలాంటప్పుడు నాకు పనికొస్తున్నది కొన్ని వందల రూపాయలకే దొరికే, మెమరీ చిప్‌ని నేరుగా చదివే ఈ చిన్న యూఎస్‌బీ ప్రోగ్రామర్.

అయితే మొదటే దీని జోలికి వెళ్లొద్దు. బోర్డు మీద సీరియల్ పిన్నులుంటే గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) మాత్రమే కంప్యూటర్‌కి కలిపి, 115200 స్పీడులో చూడండి. యూ-బూట్ (రౌటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) దగ్గర ఆగిందంటే సగం పని అయినట్టే. అక్కడా దారి మూసేసి ఉంటేనే, సెట్టింగ్స్ దాచుకునే ఫ్లాష్ మెమరీ చిప్‌ని ఈ ప్రోగ్రామర్‌తో నేరుగా చదవాలి.

తాడిపత్రిలో ఒక గ్రానైట్ యూనిట్ రౌటర్ ఇలాగే తెరిచాం, ఓనరు పక్కనే ఉన్నాడు. ఎనిమిది కాళ్ల చిప్‌ని ఫ్లాష్‌రామ్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదివి, వచ్చిన ఫైలుని బిన్‌వాక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో విడదీస్తే జేఎఫ్ఎఫ్ఎస్2 (ఫ్లాష్‌లో ఫైళ్లు దాచే పద్ధతి) భాగంలో సెట్టింగ్స్ ఫైలు దొరికింది. అడ్మిన్ పాస్‌వర్డ్ హ్యాష్‌గానే (లెక్క కట్టి మార్చేసిన అక్షరాలుగానే) ఉంది, దాన్ని వెనక్కి తిప్పలేం. పీపీపీఓఈ పాస్‌వర్డ్ అలా కాదు. కనెక్ట్ అయిన ప్రతిసారీ రౌటరే దాన్ని వాడుకోవాలి కాబట్టి, మామూలుగానో, విప్పడానికి వీలయ్యే ఎన్‌క్రిప్షన్‌లోనో లోపల ఉండి తీరాలి. ఆశ పెట్టుకోవాల్సింది దాని మీదే.

ఇక లోపాలు. ఈ ప్రోగ్రామర్‌లో నల్ల బోర్డు రకం, ఫ్లాష్ చిప్‌కి 3.3 వోల్టుల సప్లై ఇస్తుంది గానీ డేటా కాళ్ల మీదికి 5 వోల్టులు పంపిస్తుంది. ఇది నిజంగా ప్రమాదం. నేను వైరింగ్ మార్పించుకున్నాకే కస్టమర్ బోర్డుకు తగిలిస్తున్నాను. 1.8 వోల్టుల చిప్‌లకు వేరే అడాప్టర్ కావాలి.

అన్నిటికంటే విసిగించేది, చిప్ కాళ్లను పట్టుకోవడానికి దీంతో వచ్చే క్లిప్. ఒక కాలికి అందితే ఇంకో కాలికి అందదు. పైగా బోర్డు మీదే చదివితే కరెంటు మిగతా భాగాలకూ పాకి, ప్రాసెసర్ లేచి అడ్డుపడుతుంది. అందుకే రెండుసార్లు చదివి ఎండీ5 (ఫైలు మారిందో లేదో చెప్పే కోడ్) సరిపోల్చందే ఆ ఫైలుని నమ్మను. తేడా వస్తే హాట్ ఎయిర్‌తో చిప్ ఊడదీయడమే.

48 కాళ్ల నాండ్ (ఇంకో రకం ఫ్లాష్) చిప్‌లున్న పెట్టెలకు ఇది పనికిరాదు. ఎనిమిది కాళ్ల చిప్‌లున్నవాటికి కొనొచ్చు, వైరింగ్ మాత్రం మార్పించుకోండి, మంచి క్లిప్ విడిగా తీసుకోండి.