హార్బర్‌లో చమురు తెట్టుకు ఏ స్కిమ్మర్ మేలు: వియరా, డ్రమ్మా, బ్రష్షా?

నీటి మీద తేలే చమురును లాగే యంత్రమే స్కిమ్మర్. వియర్, డ్రమ్, బ్రష్ అందులో రకాలు. చిన్న పోర్టుల్లో, జెట్టీల దగ్గర పనిచేసేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "ఒక్క స్కిమ్మర్‌కే డబ్బులున్నాయి, ఏది కొనమంటారు?" వాళ్ల చేతిలోని కేటలాగ్‌లో గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె చూసి చాలామంది వియర్ వైపు మొగ్గుతారు. నేను మాత్రం లాగినదాంట్లో నూనె ఎంత, నీళ్లు ఎంత అన్నదే ముందు చూస్తాను.

వియర్ పనిచేసే తీరు తేలిక. దాని అంచును తెట్టు పైమట్టానికి కాస్త కిందికి సర్దితే నూనె అంచు దాటి లోపల పడుతుంది, పంపు లాగేస్తుంది. తెట్టు మందంగా, నీరు నిలకడగా ఉంటే చకచకా పని అయిపోతుంది. కానీ పక్కనుంచి ఒక టగ్గు వెళ్లిందంటే చాలు, ఆ అలకు అంచు ఊగి గుటకలు గుటకలుగా నీళ్లు మింగుతుంది.

జెట్టీ మీద 10 వేల లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. గంటకు 30 ఘనపు మీటర్లు లాగే వియర్ దాన్ని 20 నిమిషాల్లో నింపేస్తుంది. అందులో నూనె పదో వంతే ఉంటే మనకు దక్కింది వెయ్యి లీటర్లు. ఇక ట్యాంకు ఖాళీ అయ్యేదాకా స్కిమ్మర్ ఆపుకుని కూర్చోవాలి. ఈలోగా ఆటుపోటు మారితే తెట్టు చేజారిపోతుంది. డ్రమ్ స్కిమ్మర్ గంటకు లాగేది తక్కువే. అయితే డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే నూనె దానికి అంటుకుని పైకొస్తుంది, స్క్రేపర్ గీకి తొట్టిలో వేస్తుంది, నీళ్లు చాలావరకు కిందే ఉండిపోతాయి. 80 శాతం నూనె అనుకున్నా అదే ట్యాంకులో 8 వేల లీటర్లు పడుతుంది.

నీళ్లు తేరాక అడుగునుంచి వదిలేస్తే సరిపోదా అంటారు. వదలొచ్చు, దానికి అనుమతి ఉండాలి, వదిలేది కూడా బూమ్ (తెట్టు చెదరకుండా చుట్టూ కట్టే తేలే అడ్డుకట్ట) లోపలికే వదలాలి. పైగా సెంట్రిఫ్యూగల్ పంపు నూనెనూ నీటినీ కలిపి చిలికేస్తుంది. ఒకసారి అలా చిక్కబడితే తేరడానికి చాలాసేపు పడుతుంది.

2011లో అమెరికాలోని ఓమ్‌సెట్ పరీక్షా కేంద్రంలో చమురు తొలగించే యంత్రాలకు జరిగిన ఎక్స్ ప్రైజ్ పోటీలో వేగంతో పాటు, పైకొచ్చినదాంట్లో 70 శాతానికి పైగా నూనె ఉండాలన్న షరతు కూడా పెట్టారు. గెలిచిన ఎలాస్టెక్ యంత్రం నూనె అంటుకునే, గాడులున్న డిస్కులతో నడిచేది. 89.5 శాతం సాధించింది.

డ్రమ్ముకూ హద్దుంది. డీజిల్, తేలికపాటి నూనెల దగ్గర బాగుంటుంది. ఓడల ఫర్నేస్ ఆయిల్ చిక్కబడితే దానివల్ల కాదు, అక్కడ తిరిగే కుచ్చులతో నూనెను పైకెత్తే బ్రష్ కావాలి. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన ముద్దను సక్షన్ యంత్రాలు సరిగా లాగలేకపోయాయి. జనం బకెట్లతో ఎత్తి పోశారు. ఆ దృశ్యం మళ్లీ చూడాలని లేదు. కాలువల్లో, నదుల్లో కూడా నా ఓటు బ్రష్‌కే. గుర్రపు డెక్క, ప్లాస్టిక్ చెత్త వియర్ నోటికి అడ్డం పడతాయి. బ్రష్ చిన్నాచితకా చెత్తను తట్టుకుంటుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. నూనె పీల్చుకునే సోర్బెంట్ ప్యాడ్లు చివర్లో మిగిలిన పలుచని పొరకే. నూనెను చిన్న చుక్కలుగా విడగొట్టే డిస్పర్సెంట్ మందు లోతు తక్కువున్న హార్బర్‌లో, మంచినీటిలో వద్దు. అది చల్లిన నూనె డ్రమ్ముకు సరిగా అంటుకోదు కూడా. బూమ్ మాత్రం దేనికైనా తప్పదు, ప్రవాహం 0.7 నాట్లు దాటితే అడ్డంగా కాకుండా ఏటవాలుగా కట్టాలి.

కాబట్టి ఫిషింగ్ హార్బర్‌కు డ్రమ్, పెద్ద ఓడలొచ్చే రేవుకు బ్రష్. చిన్న పడవలూ పెద్ద ఓడలూ వస్తాయంటే డ్రమ్, బ్రష్ హెడ్‌లు మార్చుకునే యూనిట్ తీసుకోండి. ఎక్కువ లోతు, పెద్ద ట్యాంకర్లు, లాగినది నింపుకోవడానికి వెంట బార్జీ ఉన్నవాళ్లకైతే వియర్ తప్పేమీ కాదు. కొనేముందు అమ్మేవాళ్లను స్కిమ్మర్ నిజంగా ఎంత నూనె లాగుతుందో కొలిచే ఏఎస్‌టీఎం ఎఫ్2709 పరీక్ష ఫలితం అడగండి, అది ఏ నూనెతో చేశారో కూడా చూడండి. మిగిలిన డబ్బుతో మడిచి పెట్టుకోగల ట్యాంకు ఇంకొకటి కొనండి.