సర్ఫ్ వాద్యగీతానికి ముందు ఏది కావాలి: బాణీయా, రిఫ్ఫా, దరువా?

పాడే గొంతు లేని పాట కట్టేవాళ్లు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పాట ఎక్కడ పుట్టాలి? నోట్లో బాణీగానా, గిటార్ తీగ మీద రిఫ్‌గా, అంటే మళ్లీ మళ్లీ తిరిగే చిన్న స్వరముక్కగానా, డ్రమ్స్ మీద దరువుగానా? 1960ల తొలి సంవత్సరాల్లో దక్షిణ కాలిఫోర్నియా తీరంలో అలల మీద పలకతో జారే సర్ఫింగ్ ఆట చుట్టూ రూపుదిద్దుకున్న సర్ఫ్ వాద్యసంగీతానికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ పాటలు సాధారణంగా రెండు మూడు నిమిషాలకు మించవు, వాటిలో సాహిత్యం ఉండదు, వినేవారిని పట్టి ఉంచే భారమంతా లీడ్ గిటార్ మీదే పడుతుంది. సికింద్రాబాద్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక జామ్ రూమ్‌లో మేము నలుగురం కొన్నేళ్లుగా ఇలాంటి పాటలు కడుతున్నాము. మూడు దారుల్లోనూ నడిచి చూశాము కాబట్టి, ఏ దారి ఎవరికి మేలో నాకు తోచినంతవరకు ఇక్కడ వివరిస్తాను.

సముద్రం లేని ఊళ్లో సర్ఫ్ సంగీతమేమిటని అడిగేవారు ఉంటారు. హైదరాబాద్ నుంచి బాపట్ల తీరానికి వెళ్లాలన్నా రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటుతుంది, నిజమే. కానీ ఆ తొలి రోజుల్లోనే ఈ సంగీతంతో పేరు తెచ్చుకున్న ఆస్ట్రోనాట్స్ బృందం కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌ది. అక్కడ పక్కన కొండలే తప్ప తీరం లేదు. ట్రాష్‌మెన్ బృందం మిన్నియాపొలిస్‌ది. అక్కడా సముద్రం లేదు. కాబట్టి ఆ లోటును పక్కన పెట్టి అసలు విషయానికి వస్తాను.

గిటారిస్టులలో ఎక్కువమంది రిఫ్‌తోనే మొదలుపెడతారు. గిటార్లు చేసే ఫెండర్ సంస్థ 1961లో విడి పెట్టెగా తెచ్చిన స్ప్రింగ్ రివర్బ్ ఈ సంగీతానికి ఆనవాలుగా మారింది. గిటార్ శబ్దం ఆ పెట్టెలో బిగించిన స్ప్రింగుల గుండా వెళ్లి, వాటి వణుకును వెంటబెట్టుకుని బయటికి వస్తుంది. తీగను గట్టిగా మీటి, వెంటనే అరచేతి అంచుతో నొక్కిపెడితే, నిండు బిందెలో నీటి చుక్క పడినట్టు 'టుక్' మంటూ ఒక తడి శబ్దం వినిపిస్తుంది. మా దగ్గర ఉన్నది ఆ పెట్టెను అనుకరించే చిన్న పెడల్ మాత్రమే. అయినా దాన్ని పెంచి, లావు తీగను పైకీ కిందికీ ఆపకుండా వేగంగా మీటుతుంటే గది గోడలు కదిలినట్టు ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఆ తడిలో ఏ రెండు స్వరాలు కలిపి వాయించినా గొప్పగానే ఉంటాయి. ఒక ఆదివారం మూడు గంటల పాటు ఒకే రిఫ్ మీద ఊగిపోయి, పాట వచ్చేసిందని సంబరపడి ఇళ్లకు వెళ్లాము. మర్నాడు పెడల్ లేకుండా, కరెంటు అక్కర్లేని చెక్క గిటార్ మీద అదే వాయించి చూస్తే మిగిలింది ఇ స్వరం, దాని పక్కనున్న ఎఫ్ స్వరం, మళ్లీ ఇ. ఆ రెండు స్వరాల నుంచి చరణం పుట్టించాలని ఆ తర్వాత చాలా వారాలు ప్రయత్నించాము, పుట్టలేదు.

రిఫ్‌తో మొదలైన పాటలకు తరచుగా వచ్చే జబ్బు ఇదే. సర్ఫ్ పాటల్లో చాలావాటికి మన పల్లవి లాంటి భాగం రెండుసార్లు వచ్చి, తర్వాత చరణం లాంటి వేరే భాగం ఒకటి వచ్చి, మళ్లీ పల్లవితో ముగియడం మామూలు. రిఫ్ తిరిగే సుడి లాంటిది. తన చుట్టూ తాను తిరుగుతుందే తప్ప ఎక్కడికి వెళ్లాలో చెప్పదు.

దీనికి అడ్డుగా డిక్ డేల్ పేరు చెప్పేవారు ఉంటారు. కాలిఫోర్నియా తీరపు బల్బోవాలోని రాండెవూ బాల్‌రూమ్‌లో వేలమందిని ఊపిన ఆ ఎడమచేతి గిటారిస్టు, కుడిచేతి వాటానికి బిగించిన తీగలను తలకిందులుగా పట్టుకుని, మామూలు కంటే లావైన తీగల మీద మెరుపు వేగంతో మీటేవాడు. 1962లో వచ్చిన ఆయన 'మిసిర్లూ' వింటే అంతా చేతి ప్రతాపమే అనిపిస్తుంది. అయితే ఆ బాణీ ఆయన కట్టింది కాదు. అది తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత పాట. 1927 నాటికే టెటోస్ డెమెట్రియాడిస్ గొంతులో రికార్డు అయింది. లెబనాన్ మూలాలున్న కుటుంబంలో పుట్టిన డేల్‌కు చిన్ననాడు బంధువులు వాయించే ఊద్ అనే అరబ్బు తంత్రీవాద్యం ద్వారా ఆ సంగీతం చెవిలో పడింది. అంటే, మెరుపు వేగాన్ని ఆయన ఎడమచెయ్యి ఇచ్చింది గానీ, పాటను అంతకు ముందే ఎందరో నోటితో పాడి నిలబెట్టి ఉంచారు. రిఫ్ దారిని సమర్థించేవారు ఎత్తిచూపే పాటే బాణీ దారికి బలమైన సాక్ష్యం కావడం నాకు ముఖ్యమైన సంగతిగా తోస్తుంది.

దరువు దారిలో మొదటి ఉదాహరణ సర్ఫారిస్ బృందపు 'వైప్ అవుట్'. 1962 డిసెంబర్‌లో స్టూడియోలో రికార్డు రెండో వైపు నింపడానికి ఏదో ఒకటి కావలసి వచ్చినప్పుడు ఆ కుర్రవాళ్లు దాన్ని అక్కడికక్కడే కట్టారు. డ్రమ్మర్ రాన్ విల్సన్ తన స్కూల్ కవాతు బ్యాండ్‌లో వాయించిన దరువును అందులోకి తెచ్చాడు. గిటార్ భాగం మామూలు పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల వంటివి) బ్లూస్ చట్రమే. ఈనాటికీ ఆ పాట పేరు చెబితే జనం బల్ల మీద వేళ్లతో వాయించేది డ్రమ్స్ భాగాన్నే.

హైదరాబాద్‌లో పెరిగినవారికి ఈ దారి సహజంగా అనిపిస్తుంది. బోనాల ఊరేగింపులో తీన్మార్ దరువు, పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా వినని చెవి ఇక్కడ ఉండదు. మా డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద చెయ్యి పెట్టకముందే బస్తీ పిల్లలతో కలిసి డప్పు కొట్టినవాడు. సర్ఫ్ దరువులో రెండో మాత్ర దగ్గర స్నేర్ మీద వెంటవెంటనే రెండు దెబ్బలు, నాలుగో మాత్ర దగ్గర ఒక దెబ్బ పడతాయి. ఆ మూడు దెబ్బల పొందిక అతనికి మొదటి రోజే పట్టుబడింది. కొన్నాళ్లు అతని దరువుతోనే పాటలు మొదలుపెట్టాము. గదిలో ఉత్సాహానికి లోటు లేదు, నలుగురూ సమానంగా పాలుపంచుకున్నారు, ఎక్కడ ఆగాలో ఎక్కడ మళ్లీ విరుచుకుపడాలో చెప్పకుండానే తెలిసింది. కానీ దరువు మీద గిటార్ ప్రతిసారీ కొత్తగా ఏదో పలికేది. వారం తర్వాత అదే పాట వాయిద్దామంటే నాకు గుర్తున్న బాణీ ఒకటి, బేస్ వాయించే మిత్రుడికి గుర్తున్నది ఇంకొకటి. రికార్డింగ్ విని తేల్చుకోవచ్చు గానీ, వాయించిన నాలుగు రోజులకే వాయించినవాళ్లకు గుర్తులేని బాణీ విన్నవారికి గుర్తుంటుందని ఆశించడం కష్టం.

నాకు మేలనిపించిన దారి బాణీని ముందుగా నోటితో కట్టడం. ఆ దారికి మమ్మల్ని మళ్లించింది మా డ్రమ్మరే. నేను గిటార్ మీద ఒక పల్లవిని పదిరకాలుగా మార్చి మార్చి వాయిస్తుంటే విసిగిపోయి, "అన్నా, గిటార్ జర పక్కన పెట్టు, ఒక్కసారి నోటితోని పాడి చూపియ్యి" అన్నాడు. పాడబోతే మూడో పంక్తి దగ్గర ఊపిరి చాలలేదు. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాను, అతను ఆ ఖాళీలో స్నేర్ పక్కనుండే టామ్స్ డ్రమ్ముల మీద ఒక చిన్న ఉరవడి వేశాడు. అంతకు ముందు నెల రోజులుగా ముక్కలు అతికించినట్టు కనిపించిన ఆ పాట అప్పుడు మొదటిసారి పాటలా వినిపించింది.

గిటార్‌కు ఊపిరితిత్తులు లేవు. వేళ్లు అలసిపోయేదాకా అది పలుకుతూనే ఉంటుంది, కాబట్టి గిటార్ మీద పుట్టిన పంక్తులకు చివరలు ఉండవు. నోటితో కూనిరాగం తీసినప్పుడు ఊపిరి తీసుకునే చోట్లలో పంక్తి తనంతట తాను ముగుస్తుంది. సర్ఫ్ పాటలో డ్రమ్మర్‌కు దక్కే ఆ అరబార్ జాగా అక్కడే పుడుతుంది. దరువు దారిలో మేము ఆశించినది బాణీ దారిలో అడగకుండా దొరికింది. సాహిత్యం లేని పాటలో విరామాలే పదాల మధ్య ఖాళీల్లా పనిచేస్తాయి.

నోటితో కట్టిన బాణీకి మన్నిక కూడా ఎక్కువ. వెంచర్స్ బృందాన్ని 1960లో అమెరికా అంతటికీ పరిచయం చేసిన 'వాక్, డోంట్ రన్' నిజానికి జానీ స్మిత్ అనే జాజ్ గిటారిస్టు రచన. దాన్ని చెట్ అట్కిన్స్ తన పద్ధతిలో వాయించాడు. అది విని టకోమా పట్టణపు వెంచర్స్ కుర్రవాళ్లు ఇంకా సరళం చేసి, చురుకైన దరువు జోడించారు. ఎ మైనర్ నుంచి జి, ఎఫ్, ఇ అని మెట్లు దిగే ఆ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల) వరుస మీద బాణీ ముగ్గురి చేతుల్లో మూడు వేషాలు వేసింది, అయినా ఎక్కడ విన్నా గుర్తుపట్టగలం. రిఫ్ మీద నిలబడ్డ పాటను ఇలా ఇంకొకరి చేతికి ఇచ్చి చూస్తే సాధారణంగా నిలవదు.

తెలుగువారికి ఈ దారిలో ఒక సౌకర్యం, ఒక ప్రమాదం ఉన్నాయి. 'మిసిర్లూ' నడిచే స్వరాల వరుస మన మాయామాళవగౌళ స్వరాలే. సంగీతం టీచర్ దగ్గర నాలుగు నెలలు సరళీ స్వరాలు పాడిన ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా ఆ స్వరాలు నోట్లో ఉంటాయి. ఇ స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని, గిటార్ ఆరో తీగ మీద అదే వరుస ఎక్కితే సర్ఫ్ సంగీతపు ఛాయ వెంటనే కనిపిస్తుంది. ప్రమాదం కూడా ఇందులోనే ఉంది: స్వరాలు అంత సుపరిచితమైనందువల్ల పాట కట్టబోయి సరళీ స్వరాలు వేగంగా వాయించినట్టు తయారవుతుంది. పైగా గమకాలు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద గమకాలను ఎంత నిండుగా పలికించారో విన్న తర్వాత మెట్లున్న వాద్యం మీద గమకం రాదని ఎవరూ అనలేరు. కానీ స్ప్రింగ్ రివర్బ్ నిండుగా పెట్టినప్పుడు నెమ్మదైన కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, ముద్దగా అలుక్కుపోతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గట్టి జారు మాత్రమే స్పష్టంగా వినిపిస్తుంది. అందుకని మేము కంపితాన్ని వదిలి జారును ఉంచుకున్నాము, పంక్తి చివరి స్వరాన్ని మాత్రం గిటార్ వంతెన దగ్గరి కడ్డీతో కొద్దిగా ఊపుతాము.

బాణీ దారికి ఉన్న లోపాలను దాచను. నోరు సినిమా పాటల వైపు జారిపోతుంది. ఒకసారి వారం రోజులు మురిసిపోయిన పల్లవి ఏదో పాత పాట చరణమని మా అమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు. వేగంగా రెండు వైపులా మీటే స్వరగుచ్ఛాలు నోటికి ఎప్పటికీ రావు, అవి చేతికే రావాలి. మెట్రో స్టేషన్‌లో నిలబడి ఫోన్‌లోకి పాడుకున్న బాణీ సాధారణంగా గిటార్‌కు అనువుకాని ఏ సి షార్ప్‌లోనో ఉంటుంది. దాన్ని ఎక్కడా నొక్కకుండా తెరిచిన తీగలు మోగే ఇ కో ఎ కో మార్చకపోతే సర్ఫ్ గిటార్‌కు ఉండవలసిన బరువు రాదు.

పేరునో దృశ్యాన్నో ముందు అనుకుని దానికి పాట కట్టే పద్ధతి కూడా ఉంది గానీ, దాని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చాంటేస్ బృందం 'పైప్‌లైన్' పాటకు ఆ పేరు ఒక సర్ఫింగ్ సినిమా చూశాక పెట్టింది. పాట అంతకు ముందే ఉంది.

మీటే చేతిలో నిజంగా డేల్ లాంటి సత్తువ ఉండి, బాణీ కోసం ఏదైనా జానపదాన్ని అరువు తెచ్చుకోవడానికి సిద్ధపడేవారికి రిఫ్ దారి మేలు. కొత్తగా కలిసిన బృందం, ఇంకా ఒకరి ఊపు ఒకరికి తెలియని బృందం, మొదటి రెండు మూడు నెలలు దరువుతో మొదలుపెట్టడం మంచిది, పాటలు నిలవకపోయినా మనుషులు కుదురుతారు. ఆ దశ దాటి, సొంత పాటలు నిలబెట్టుకోవాలనుకునేవారు మాత్రం ముందు గిటార్‌ను సంచిలోనే ఉంచి పాడుకోవాలని గట్టిగా చెబుతాను. పల్లవీ చరణమూ రెండూ నోటికి వచ్చాకే తీగ మీదికి తేవాలి. విరామాల్లో ఏముండాలో డ్రమ్మర్‌కు వదిలేయాలి. రివర్బ్ అన్నిటికంటే చివర వెలగాలి.

ఇప్పుడు మా చేతిలో ఉన్న పాటను ఇలాగే కడుతున్నాము. సి షార్ప్ నుంచి ఇ కి మార్చాము, దానితో మొదటి స్వరం తెరిచిన ఆరో తీగ మీద పడి గదంతా నిండుతోంది. చరణం పై షడ్జం దాకా ఎక్కి అక్కడి నుంచి ఎలా దిగాలో ఇంకా కుదరలేదు. రెండో పంక్తి చివర నేను ఊపిరి తీసుకున్న చోటు మాత్రం అలాగే ఉంది, అక్కడ ఎవరూ ఏమీ వాయించడం లేదు.