డర్బన్ ఫిల్మ్ ఫెస్టివల్: బీచ్ ఫ్లాట్‌లో మోసం, క్వామాషులో మంచి సినిమా

దక్షిణాఫ్రికాలోని డర్బన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లేవాళ్లు సముద్రం కనిపిస్తుందన్న ఫోటోలు చూసి నార్త్ బీచ్‌లో ప్రైవేటు ఫ్లాట్ తీసుకోవద్దు. మాకు జరిగింది చెప్తాను.

జొహానెస్‌బర్గ్ నుంచి ఎన్3 హైవే మీద 570 కిలోమీటర్లు హాయిగా సాగిపోయాయి. టోల్ గేట్లకే 350 ర్యాండ్లు దాటాయి. ఫ్లాట్ అద్దె రాత్రికి 1,400. తీరా వెళ్లాక సముద్రం వైపు ఫ్లాట్ రిపేరులో ఉందని చెప్పి, వెనకవైపు పార్కింగ్ గోడ కనిపించేది ఇచ్చారు. అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. పార్కింగ్‌కి రోజుకి 100, డిపాజిట్ 1,000, అదీ క్యాష్‌గానే. వేడినీళ్లు లేవు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఇక్కడ జులై అంటే చలికాలం, ఆ చలిలో చన్నీళ్లు ఎలా పోసుకుంటారు? కెటిల్‌తో కాచి ఇచ్చాను.

అసలు మోసం ఖాళీ చేసే రోజు బయటపడింది. ఎనిమిదికి వస్తానన్న మేనేజరు పదిన్నరకి వచ్చాడు. టేబుల్ మీద పాత మరక మేమే చేశామని డిపాజిట్‌లో 400 కోసేశాడు. దిగిన రోజే మా ఆయన తీసిన ఫోటోలో ఆ మరక ఉంది. చూపించినా వినలేదు. ఆ గొడవలో పదింటికి మొదలైన కుర్రాళ్ల షార్ట్ ఫిల్మ్స్‌లో సగం పోయాయి. మా అబ్బాయి వచ్చిందే వాటికోసం. కారులో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈ ఫెస్టివల్ 1979లో, వర్ణవివక్ష చట్టాలు ఉన్న రోజుల్లోనే మొదలైంది. ఇప్పుడు నగరంలోని థియేటర్లతో పాటు టౌన్‌షిప్‌లలో, అంటే వర్ణవివక్ష రోజుల్లో నల్లవాళ్ల కోసం ఊరి బయట కట్టిన కాలనీల్లో కూడా సినిమాలు వేస్తున్నారు. మేం వెళ్లింది ఊరికి ఉత్తరాన ఉన్న క్వామాషుకి. ప్రవేశం ఉచితం. గుమ్మం దగ్గర వాలంటీరు అమ్మాయి అత్తయ్యగారిని చూసి, అడగకుండానే చివరి వరుసలోంచి కుర్చీ తెచ్చి ముందు వేసింది.

అక్కడ చూసిన ఎనిమిది నిమిషాల సినిమా గురించి చెప్పాలి. తీసింది పదిహేడేళ్ల అమ్మాయి, ఫోన్‌తో. వాళ్ల అమ్మమ్మ కుటుంబాన్ని డర్బన్‌లోనే ఉన్న కాటో మానర్ అనే పేట నుంచి ఖాళీ చేయించి క్వామాషుకి తోలారు. 1950ల చివర్లో అలా వేలమందిని తరలించారు. ఆ కాటో మానర్‌లో మన భారతీయుల కూరగాయల తోటలూ ఉండేవి. సినిమాలో ముసలావిడ పెరట్లో కర్రతో నేల మీద గీతలు గీస్తూ ఇక్కడ పొయ్యి, ఇక్కడ మంచం, ఇది తలుపు అని పాత ఇల్లు చూపిస్తుంది. ఇంతలో ఆ గీతల్లోకి కోడి వస్తే, వంటింట్లోకి రావద్దని అదిలిస్తుంది. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక ఎవరూ మాట్లాడలేదు.

అత్తయ్యగారికి జూలూ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవలేరు. అయినా, "ఆవిడ ఇల్లు పోయిందా అమ్మా?" అని నన్నే అడిగారు. వాళ్ల చెల్లెలిది దేవీపట్నం, పోలవరం ముంపులో పోయిన ఇల్లు. చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

తర్వాత ప్రశ్నల సమయంలో, గాలిలో కూడా మాట అంత స్పష్టంగా ఎలా వచ్చిందని మావాడు లేచి అడిగాడు. రెండో ఫోన్‌ని రికార్డింగ్‌లో పెట్టి అమ్మమ్మ శాలువాలో దాచానని చెప్పింది ఆ అమ్మాయి. పొద్దుటి నుంచి ముడుచుకుని ఉన్న మావాడి మొహం అప్పుడు విప్పారింది.

భోజనానికి విక్టోరియా స్ట్రీట్ మార్కెట్ వైపు వెళ్లాం. బనీ చౌ అంటే బ్రెడ్డు మధ్యలో తొలిచి కూర నింపి ఇస్తారు. మటన్‌ది క్వార్టర్, అంటే పావు బ్రెడ్డుది, 120. అత్తయ్యగారు మాంసం ముట్టరు. ఆవిడకి బీన్స్ కూరది 65కే దొరికింది. ఘాటుగా, కరివేపాకు వాసనతో ఉంది. పైన పెట్టిన బ్రెడ్డు ముక్కని కూరలో ముంచుకుని మొత్తం తినేశారు. 1860 నుంచి ఇక్కడికి కూలీలుగా వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఆ తాలింపులో వాళ్ల చెయ్యి ఉందనే నా నమ్మకం.

బసకి గ్లెన్‌వుడ్ వైపు చూడండి, యూనివర్సిటీ దగ్గర. డిపాజిట్ క్యాష్‌గా అడిగితే అక్కడ దిగకండి. క్వామాషుకి సొంత కారులోనో, క్యాబ్‌లోనో వెళ్లండి. జులైలో ఐదుంపావుకే పొద్దుగుంకుతుంది, ఆలోపు తిరిగొచ్చేయండి. సినిమాలకి మాత్రం అరగంట ముందే చేరుకోండి, ముందు వరుసలన్నీ స్కూలు పిల్లలతో నిండిపోతాయి.