సీసం కుండ కారుతుంటే: కడ్డీ మీద బరువా, సానబట్టడమా?

అంతర్వేది నుంచి యానాం దాకా వలలకు సీసపు గుళ్లు సొంతంగా పోసుకునేవారిలో అడుగున రంధ్రమున్న కరెంటు కుండ వాడేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటే: మీట వదిలినా బొట్టు ఆగదు.

మొదటి మార్గం ఆ రంధ్రాన్ని పైనుంచి మూసే ఉక్కు కడ్డీపై చిన్న ఇనుప బరువు తగిలించడం. సీసం సాంద్రత 11.3 కాగా ఉక్కుది 7.8 మాత్రమే కనుక, కుండ నిండుగా ఉన్నప్పుడు కరిగిన సీసమే కడ్డీని పైకి తేలుస్తుంది. బరువు దాన్ని అణచిపెడుతుంది. ఖర్చు దాదాపు లేదు, పని ఆగదు. అయితే రంధ్రం అంచున మసి, తెట్టు ఇరుక్కుంటే బరువు ఏమీ చేయలేదు.

రెండవది కుండను ఖాళీ చేసి, పూర్తిగా చల్లార్చి, కడ్డీ తీసి, మోటారు మెకానిక్కులు వాడే వాల్వు గ్రైండింగ్ పేస్టు రాసి, రంధ్రపు అంచులో కడ్డీ మొనను అటూ ఇటూ తిప్పుతూ సానబట్టడం. ఒక పూట పడుతుంది. మొన చుట్టూ తెగకుండా బూడిదరంగు వలయం కనిపిస్తే అతుకు కుదిరినట్లే. పేస్టును మాత్రం ఆనవాలు లేకుండా తుడవాలి.

ప్రమాదం రెండింటిలోనూ ఉంది, కానీ నా దృష్టిలో అసలు భయం తేమ: మన ఉప్పుగాలిలో చెమ్మబట్టిన సీసపు ముక్కను 327 డిగ్రీలు దాటిన ద్రవంలో వేస్తే ఆవిరి పేలి సీసం ఎగజిమ్ముతుంది. ముక్కలను ముందే వేడిచేసి ఆరబెట్టాలి.

కుండ నిండుగా ఉన్నప్పుడే కారి, సగానికి తగ్గగానే ఆగితే బరువు చాలు. మట్టం ఎంతున్నా కారుతుంటే సానబట్టాల్సిందే.