ఫార్మాట్ చేయమన్న డిస్కు నుంచి పంచాంగం బయటికి వచ్చింది: కొన్ని ఉచిత సాధనాల సమీక్ష

విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో మాది రెండు కంప్యూటర్ల డీటీపీ సెంటరు. గైడు పుస్తకాలు, శుభలేఖలు, సంఘాల సావనీర్లు, ఏడాదికొక పంచాంగం. ఇరవై రెండేళ్లుగా ఇదే నా జీవనం. 2026 జనవరి మొదటి వారంలో ఒక ఉదయం పంచాంగం పేజీలు తెరుద్దామని కూర్చుంటే డి డ్రైవు తెరుచుకోలేదు. ‘ఈ డ్రైవును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని సందేశం వచ్చింది. సీపీయూ లోపలి నుంచి ఉండి ఉండి టక్కుమని చప్పుడు. సంక్రాంతి సెలవుల లోపు ప్రెస్సుకు అందించాల్సిన పరాభవ నామ సంవత్సర పంచాంగం మొత్తం ఆ డ్రైవులోనే ఉంది. ఈసారి అధిక జ్యేష్ఠం రావడంతో పదమూడు మాసాల పట్టికలు. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, ప్రతి గడీ సిద్ధాంతిగారు పెన్సిలుతో దిద్ది ఇచ్చినదే.

‘అవును’ బొత్తాం నొక్కకుండా కంప్యూటర్ ఆపేశాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదే.

మరమ్మతు దుకాణాలు రెండు తిరిగాను. మొదటిచోట కుర్రవాడు డిస్కు తగిలించి చూసి, “ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తాను మేడమ్, డేటాకు మాత్రం గ్యారంటీ లేదు” అన్నాడు. రెండోచోట డేటా తీయడానికి పద్నాలుగు వేలు, రెండు వారాల గడువు అడిగారు. నా దగ్గర రెండు వారాలు లేవు. పైగా నాకు ఫైళ్లు ఒక్కటే సరిపోవు. ఆ కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్లు, వాటికి తగ్గ పాత విండోస్ ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత మరొకటి రాలేదు. ఆ సెటప్ సీడీలు ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా తెలియదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు కావు, పిచ్చి గుర్తులు వస్తాయి. కాబట్టి డిస్కు ఉన్నది ఉన్నట్టుగా, విండోస్‌తో సహా, ఇంకొక డిస్కు మీదికి రావాలి. పాలిటెక్నిక్ చదువుతున్న మా అక్క కొడుకు ఆ సాయంత్రం వచ్చి, “పిన్నీ, ముందు డిస్కు పరిస్థితి ఎలా ఉందో చూద్దాం, తర్వాత కాపీ, ఆ తర్వాతే బాగుచేయడం” అన్నాడు. ఈ వరస మారితే ఏ సాధనమూ గట్టెక్కించదని ఆ రెండు రోజుల్లో నాకు పూర్తిగా అర్థమైంది.

పరిస్థితి చూడటానికి వాడినది క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో. జపాన్‌కు చెందిన ప్రోగ్రామర్ రాసిన చిన్న ఉచిత ప్రోగ్రాం ఇది. డిస్కు తన గురించి తాను రాసుకునే లెక్కలను తెర మీద చూపిస్తుంది. నీలం ఉంటే బాగున్నట్టు, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే పని అయిపోయినట్టు. మాది పసుపు. ముఖ్యంగా చూడాల్సినవి మూడు వరసలు. 05 అనేది పాడైపోయి, వేరే చోటికి మార్చిన సెక్టార్ల (డిస్కు మీద డేటా రాసుకునే చిన్న గడుల) లెక్క. సీ5 అనేది చదవడం కష్టమై, ఇంకా తేలని సెక్టార్ల లెక్క. సీ6 అనేది చదవలేమని తేలిపోయిన వాటి లెక్క. సీ5 వరసలో బోలెడు సున్నాల చివర 18 అని కనిపించింది. పద్దెనిమిదే కదా అని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆ ప్రోగ్రాం ఈ అంకెలను మామూలుగా పదికి బదులు పదహారు ఆధారంగా సాగే హెక్సాడెసిమల్ లెక్కలో చూపిస్తుంది. ఆ 18 అంటే మన లెక్కలో 24. మెనూలో ఈ ‘రా’ (raw) విలువలను మన దశాంశ లెక్కకు మార్చుకునే వీలుంది, వాడేవారు మొదట ఆ పని చేయాలి. ఇంత మంచి సాధనంలో కొత్తవారిని తప్పుదోవ పట్టించేది నా మటుకు ఈ ఒక్కటే.

పది నిమిషాల తర్వాత ఆ 24 కాస్తా 31కి పెరిగింది. వెంటనే ఆపేశాం. ప్రాణం పోతున్న డిస్కును ఎంత తక్కువసేపు తిప్పితే అంత మంచిది. ఈ స్థితిలో విండోస్‌లో ఉండే ‘చెక్ డిస్క్’ అనే ప్రోగ్రాంను నడపడం పెద్ద తప్పు. అది చదవలేని చోట్లను సరిచేయబోయి, ఫోల్డర్ల పట్టికనే మార్చేస్తుంది. బాగున్న డిస్కుకు అది మందు, పోతున్న డిస్కుకు కాదు.

ఇక అసలు పని చేసినది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఉచిత ప్రోగ్రాం. దీన్ని నడపడానికి పెన్‌డ్రైవ్ మీద వెంటాయ్ వేశాం. వెంటాయ్ ఒకసారి వేస్తే చాలు, తర్వాత ఎన్ని ఐఎస్ఓ ఫైళ్లు (ఒక సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినవి) కావాలంటే అన్ని మామూలుగా కాపీ చేసుకోవచ్చు. కంప్యూటర్ లేవగానే ఏది నడపాలో జాబితా చూపించి అడుగుతుంది. అందులో సిస్టమ్ రెస్క్యూ అనే లైనక్స్ ఐఎస్ఓ పెట్టాం. అది డిస్కులో ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది. డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్ రెండూ అందులోనే ఉంటాయి.

మామూలు కాపీకి, దీనికి తేడా ఇది. మామూలు కాపీ చదవలేని చోటికి రాగానే అక్కడే ఇరుక్కుని, డిస్కును గంటల తరబడి కొట్టిస్తుంది. డీడీరెస్క్యూ ఇబ్బంది పెట్టిన చోటును వదిలేసి ముందుకు వెళ్లి, బాగున్నదంతా ముందు తెచ్చేస్తుంది. ఆ తర్వాతే వదిలిన చోట్లకు తిరిగి వచ్చి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా గీకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో, ఏది మిగిలిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మా 500 జీబీ డిస్కు నుంచి కొత్త 1 టీబీ డిస్కు మీదికి సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టాం. పది గంటలకల్లా 490 జీబీ దాటింది. తెర మీద కాపాడినది, చదవలేనిది, మిగిలిన సమయం అన్నీ కదులుతూనే ఉంటాయి. నేను కుర్చీ లాక్కుని ‘కాపాడినది’ అన్న వరసనే చూస్తూ కూర్చున్నాను.

పదకొండున్నరకు కరెంటు పోయింది. మా పాత యూపీఎస్ పది నిమిషాలు నిలబడి, అది కూడా ఆగిపోయింది. కరెంటు వచ్చాక అదే ఆదేశం మళ్లీ ఇస్తే, మ్యాప్ ఫైలు చూసుకుని సరిగ్గా ఆగిన చోటు నుంచి మొదలుపెట్టింది. ఆ ఫైలును వేరే పెన్‌డ్రైవ్ మీద దాచాం కాబట్టి ఇది కుదిరింది. సిస్టమ్ రెస్క్యూ మెమరీలో నడుస్తుంది. అక్కడే దాచి ఉంటే కరెంటుతో పాటు అదీ పోయేది.

దీని ప్రమాదమూ చెప్పాలి. ఇందులో బొత్తాలు లేవు, ఆదేశం టైపు చేయాలి. ముందు పాత డిస్కు పేరు, తర్వాత కొత్త డిస్కు పేరు, చివర మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మన డేటా మీద పడుతుంది, ఇక తిరిగి రాదు. పైగా కంప్యూటర్ మళ్లీ లేచినప్పుడు ఈ పేర్లు మారిపోవచ్చు. అందుకే కరెంటు వచ్చాక కూడా డిస్కు మీద అంటించిన సీరియల్ నంబరును టార్చి వేసి చూసి, తెర మీద నంబరుతో ఒక్కొక్క అక్షరం సరిపోల్చాకే ఎంటర్ నొక్కాను. ఇంత ఓపిక లేనివారు దీన్ని ఒంటరిగా వాడవద్దు. ఉన్నవారికి దీనికి మించినది లేదని నా అభిప్రాయం.

తెల్లవారేసరికి 99.99 శాతం వచ్చింది. చదవలేకపోయినది మూడు ఎంబీ లోపే. పాత డిస్కు తీసి పక్కన పెట్టి, కొత్తది బిగిస్తే విండోస్ లేచింది, పేజ్‌మేకర్ లేచింది, అను ఫాంట్లు ఉన్నాయి. కానీ డి డ్రైవు ఇంకా ఫార్మాట్ అడుగుతూనే ఉంది.

అక్కడ టెస్ట్‌డిస్క్ పని మొదలైంది. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టఫ్ గ్రెనియే 1998 నుంచి రాస్తున్న ప్రోగ్రాం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌసుతో పని లేదు. చూడగానే భయం వేస్తుంది కానీ, ప్రతి మెట్టులోనూ సాధారణంగా సరైనదే ముందుగా ఎంచి పెడుతుంది, ఏదైనా రాసే ముందు వై నొక్కమని అడుగుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) డ్రైవులో మొదటి సెక్టారుకు, అంటే బూట్ సెక్టారుకు (బీఎస్) ఒక నకలు ఆ డ్రైవు చివర కూడా ఉంటుంది. మా డి డ్రైవులో మొదటిది చదవలేకుండా పోయింది, చివరిది పదిలంగా ఉంది. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, బూట్ ఎంచుకుంటే, ఒకటి బాగాలేదు, రెండోది బాగుందని చూపించింది. ‘బ్యాకప్ బీఎస్’ ఎంచుకుని, వై నొక్కి, కంప్యూటర్ మళ్లీ లేపాం. డి డ్రైవు తెరుచుకుంది. ‘పరాభవ’ ఫోల్డరు, దాని లోపల చైత్రం నుంచి ఫాల్గుణం దాకా, పేర్లు కూడా చెక్కుచెదరలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

ఈ మరమ్మతు మేము కొత్త డిస్కు మీద చేశాం. పొరపాటు జరిగినా పాత డిస్కు నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చన్న ధైర్యంతోనే వై నొక్కగలిగాను.

అధిక జ్యేష్ఠం ఫైలు ఒక్కటి తెరుచుకోలేదు. ఆ మూడు ఎంబీలలో దాని భాగం కూడా పోయింది. సిద్ధాంతిగారికి ఫోను చేస్తే, “ఎన్ని పేజీలమ్మా?” అని అడిగారు. ఎనిమిదన్నాను. “ప్రూఫులు నా దగ్గర ఉన్నాయి, పంపిస్తాను, దిగులుపడకు” అన్నారు. ఒక పూటలో మళ్లీ కొట్టాను.

టెస్ట్‌డిస్క్‌తో పాటే ఫొటోరెక్ వస్తుంది. ఫోల్డర్ల పట్టిక పూర్తిగా పోయినప్పుడు, ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి ఒక్కొక్కటి ఏరుకొస్తుంది. ఒక పెళ్లి ఆల్బం పనికి వచ్చిన మెమరీ కార్డు ఖాళీగా కనిపిస్తే దాంతోనే ఫొటోలు తీశాను. అయితే పేర్లు, ఫోల్డర్లు ఉండవు, అన్నీ అంకెలే. ఫొటోలకైతే ఇబ్బంది లేదు, చూస్తే తెలుస్తుంది. పంచాంగం పేజీలు అలా వస్తే నేను ఏ మాసం ఏదో వెతకడానికే వారం పట్టేది. అందుకే దీన్ని చివరి ఆశగా మాత్రమే వాడాలి.

అదే పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను (కంప్యూటర్ మెమరీని) పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ కూడా ఉంది. మా రెండో కంప్యూటర్ దానంతట అదే ఆగి మళ్లీ లేస్తుంటే రాత్రంతా నడిపాం, తప్పులు చూపించింది. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్ది, దుమ్ము ఊది మళ్లీ పెట్టాక తప్పులు రాలేదు. డిస్కు ఎందుకు నిండిందో చూడటానికి విన్‌డిర్‌స్టాట్ వాడుతున్నాను. ఇదే పని వేగంగా చేసే విజ్‌ట్రీ సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి కాదు. సెంటర్లు నడిపేవారు అది గమనించాలి.

ఇవి చేయలేనివీ ఉన్నాయి. కంప్యూటర్ అసలు డిస్కునే గుర్తించకపోతే, లేదా ఆన్ చేయగానే ఆగకుండా కొట్టుకుంటుంటే, ఈ సాధనాలు ఏమీ చేయలేవు. అప్పుడు డబ్బు పెట్టి డిస్కు విప్పగలిగే వారి దగ్గరికే వెళ్లాలి. ఎస్ఎస్‌డీలో తుడిచేసిన ఫైలు చాలా సందర్భాల్లో దొరకదు, ఖాళీ అయిన చోటును అది తానే శుభ్రం చేసుకుంటుంది. నీళ్లలో మునిగిన డిస్కుకు కరెంటు ఇచ్చి చూడనే కూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు, నాతో పాటు టైపు నేర్చుకున్న స్నేహితురాలి సెంటరులో కంప్యూటరూ, బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల కింద మునిగాయి. ఆమె పదిహేనేళ్ల పని పోయింది. అది కళ్లారా చూసి కూడా నేను రెండో నకలు పెట్టుకోలేదన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇప్పుడు పెట్టుకున్నాను. దానికీ ఏమీ కొనలేదు. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ రోజూ రాత్రి ఎనిమిదింటికి రెండో కంప్యూటర్ మీదికి కాపీ చేస్తుంది. మిర్రర్ పద్ధతిలో ఇక్కడ తుడిచినది అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది, అందుకని వారంలో ఒక్కో రోజుకు ఒక్కో ఫోల్డరు పెట్టాను. ఆదివారం నకలు ఒక బయటి డిస్కు మీద మా ఇంటికి వెళుతుంది. మొత్తం ఖర్చు కొత్త డిస్కుకు అయిన నాలుగు వేల పైచిలుకు మాత్రమే.

ప్రతి నెలా ఒకటో తేదీన క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరిచి మూడు అంకెలు గోడ క్యాలెండరులో రాస్తున్నాను. 05, సీ5, వీటితో పాటు సీ7. సీ7 అనేది డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క. ఈ తప్పు డిస్కుది కాదు, దాదాపు ఎప్పుడూ కేబులుదే. ఫిబ్రవరిలో అది సున్నా నుంచి రెండుకు వెళితే వంద రూపాయల సాటా కేబులు మార్చాను. ఈ నెల రాసినవి: 05 సున్నా, సీ5 సున్నా, సీ7 రెండు. ఆ రెండు పాత కేబులు నాటివి. ఆ అంకె తగ్గదు, కానీ పెరగలేదు.